అరిగిన వాల్వు, అరగని గొంతు

దీపం వెలుగుతున్నంత మాత్రాన ప్రమిదలో నూనె నిండుగా ఉన్నదని చెప్పరాదు. ఈ సంగతి దేవుని గూటిలో దీపం పెట్టే ఇల్లాలికి తెలుసు. వాల్వు రేడియో యజమానికి తెలియదు. పెట్టె వెనుక నాలుగైదు గాజుబుడ్లు ఎర్రగా వెలుగుతూ ఉంటే చాలు, యంత్రానికి ఏ కొరతా లేదని ఆయన నమ్మకం. పాట పలుచబడితే తప్పు స్టేషనువారిది. మాట చీలితే తప్పు పాడినవారిది. గుయ్యిమని హోరు వస్తే తప్పు కరెంటు ఆఫీసువారిది. గాజుబుడ్డి మాత్రం నిరపరాధి.

ఆ గాజుబుడ్డికీ వార్ధక్యం ఉన్నది. ఆ వార్ధక్యం పాట రూపంలోనే బయటపడుతుంది. అట్టి పాటను విని, పాడినవారి మీద తీర్పు చెప్పడం అన్యాయం. ఇంత చిన్న విషయానికి ఒక వ్యాసమా అని కొందరు అనవచ్చును. కాని ఒక తరం గొంతును మరొక తరం ఏ విధంగా వింటున్నదనే ప్రశ్న ఇందులో ఇమిడి ఉన్నది గనుక, ఇది చిన్న విషయం కాదు.

కావలి మొదలు సూళ్ళూరుపేట దాకా నెల్లూరు సముద్రతీరాన పాత ఇండ్లలో వాల్వు రేడియో అటక మీదికి చేరి చాలా కాలమైంది. ఇటీవలి సంవత్సరాలలో దానిని దింపి, దుమ్ము దులిపి, మళ్ళీ పాడించాలనే వేడుక కొందరికి కలుగుతున్నది. నగరాలలో వాల్వు ఆంప్లిఫైయర్లను కొత్తగా కొని ఇంట పెట్టుకునే రసికులు కూడ బయలుదేరారు. రష్యా, స్లొవేకియా, చైనా దేశాలలో నేటికీ కొత్త వాల్వులు తయారవుతున్నవి. దశాబ్దాల క్రితం తయారై, వాడకుండా మిగిలిపోయిన పాత సరుకుకు ఇంకా ఎక్కువ ధర పలుకుతున్నది. ఈ వేడుకతోపాటు రెండు అభిప్రాయాలు ప్రచారంలోకి వచ్చినవి. పెద్దలలో అనేకులు, వాల్వు పాతబడిన కొలదీ నాదం పండుతుందని అంటారు. పిల్లలు అదే పెట్టెలో అదే పాట విని, "పూర్వం గాయకుల గొంతులు ఇంత బొంగురుగా ఉండేవా?" అని అడుగుతారు. ఒకరికి తీయదనంగా తోచినది మరొకరికి బొంగురుగా తోచింది. ఇద్దరూ విన్నది నిజానికి గాయకుని గొంతు కాదు. గాయకునికీ తమకూ నడుమ నిలిచిన ఒక ముసలి వాల్వు గొంతు.

నెల్లూరు తీరానికీ రేడియోకూ గల చుట్టరికం సముద్రం కలిపినది. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైనవి. ఈ రెంటి నడుమ నెల్లూరు ఉన్నది. మీడియం వేవు తరంగం పొడి నేల మీద కంటె ఉప్పునీటి మీద చాలా ఎక్కువ దూరం బలం తగ్గకుండా ప్రయాణం చేస్తుంది. ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం కావడమే ఇందుకు కారణం. అందువలన మద్రాసు మాట తీరం వెంబడి సులభంగా నడిచి వచ్చేది. సిలోను రేడియో పాటలు షార్టు వేవులో ఆకాశమార్గాన వచ్చేవి. ఆనాడు స్టేషనులో మైక్రోఫోను అందుకున్న సన్నని ధ్వనిని పెంచినవి వాల్వులే. దానిని గాలిలోకి విసిరినవి వాల్వులే. ఇంట్లో దానిని పట్టి స్పీకరుకు అందించినవీ వాల్వులే. గాయకుని నోటినుండి శ్రోత చెవిదాకా పాట పల్లకీ ఎక్కి వచ్చేదనుకుంటే, బోయీలందరూ వాల్వులే. స్టేషనులోని బోయీలను ఎప్పటికప్పుడు పరీక్షించడానికి ఇంజనీర్లు ఉండేవారు. ఇంటి గుమ్మం దగ్గర పల్లకీని అందుకునే చివరి బోయీని మాత్రం పరామర్శించేవారు లేకపోయారు.

వాల్వు అంటే కవాటం, కవాటమంటే తలుపు. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ దీనిని మొదట రూపొందించినప్పుడు విద్యుత్తును ఒక వైపుకు మాత్రమే పోనిచ్చే తలుపుగానే రూపొందించాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు ఆ తలుపులో గ్రిడ్డు అనే మూడవ అంగాన్ని చేర్చాడు. పెన్నా కాలువ తూము తలుపును ఒక మనిషి చేతితో కొంచెం ఎత్తితే ఎంత నీరు పారుతుందో, ఎంత పొలం తడుస్తుందో నెల్లూరు రైతుకు వేరే చెప్పనక్కరలేదు. గ్రిడ్డు చేసే పని అదే. దానికి తగిలిన సన్నని ధ్వని సంకేతం, కాథోడు నుండి ప్లేటుకు పారే పెద్ద ఎలక్ట్రానుల ప్రవాహాన్ని హెచ్చుతగ్గులు చేస్తుంది. చిన్న చేయి పెద్ద కాలువను శాసించినట్లు, చిన్న ధ్వని పెద్ద ధ్వనిని సృష్టిస్తుంది.

కాలువలో నీరు లేకపోతే తూము ఎంత ఎత్తినా ఫలం లేదు. వాల్వు వార్ధక్యమంటే ఆ నీరు తగ్గడమే. కాథోడు ఒక సన్నని నికెలు గొట్టం. దాని పైన బేరియం, స్ట్రాంషియం ఆక్సైడుల తెల్లని పూత ఉంటుంది. లోపల హీటరు తీగ వెలిగి ఆ పూతను సుమారు 750 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వేడి చేస్తుంది. ఆ వేడికి పూతలోని బేరియం మహిమ వలన ఎలక్ట్రానులు వెలికి వస్తాయి. గంటలు గడిచిన కొలదీ బేరియం కొంత కొంతగా ఆవిరైపోతుంది. గాజులో ఎంత శూన్యం కల్పించినా మిగిలిపోయే వాయులేశం ఆ పూతకు విషంలా పనిచేస్తుంది. ఈ వాయువును మింగడానికే బుడ్డి లోపలి గోడ మీద అద్దంలాగా మెరిసే వెండి రంగు మచ్చ ఒకటి పెడతారు. దానిని గెట్టరు అంటారు. గాజు పగిలి గాలి లోపలికి చొరబడితే ఆ మచ్చ పాలలాగా తెల్లబడిపోతుంది. అట్టి వాల్వు పని అంతటితో సరి. మచ్చ తెల్లబడకపోయినా, మెరుపు చెడకపోయినా, పూత అరిగి ఉండవచ్చును. హీటరు వెలుగుతూనే ఉంటుంది, ఎలక్ట్రానులు రావు. వత్తి ఉన్నది, నూనె లేదు.

ఈ క్షయాన్ని కంటితో చూడదగిన చోటు ఒకటి పాత రేడియోలలో ఉన్నది. స్టేషను సరిగా కుదిరినప్పుడు రెప్పలు దగ్గరకు చేర్చే ఆకుపచ్చని కన్నును చూచిన పిల్లలెవరూ మరచిపోరు. అదీ ఒక వాల్వే. పదేండ్లు వాడిన పెట్టెలో ఆ కన్ను మసకబారి, పగటివేళ కనిపించనే కనిపించదు. పెట్టెలోని మిగిలిన వాల్వులకు కూడ ఇట్టి క్షయమే, తక్కువ వేగంతో, కనిపించకుండా జరుగుతూ ఉంటుంది. కన్నుకు వచ్చిన మసక అందరికీ తెలుస్తుంది. గొంతుకు వచ్చిన మసక ఎవరికీ తెలియదు.

ఎందుకు తెలియదో కొంచెం లెక్క వేసి చూడవచ్చును. ఇంటి రేడియోలలో పేరు పొందిన ఈఎల్ 84 అనే పవర్ వాల్వును తీసుకుందాం. కొత్తదానిలో గ్రిడ్డు మీద ఒక వోల్టు మార్పు జరిగితే ప్లేటు కరెంటులో సుమారు 11 మిల్లీ ఆంపియర్ల మార్పు వస్తుంది. వాడగా వాడగా ఇది ఎనిమిదికి తగ్గిందనుకుందాం. అప్పుడు ధ్వని దాదాపు మూడు డెసిబెల్లు తగ్గుతుంది. శ్రోత చేసేదేమిటి? వాల్యూము మరను గోరంత తిప్పుతాడు. వార్ధక్యమంతా ఆ గోరంత తిప్పులో దాగిపోతుంది. పైగా ఈ తగ్గుదల ఒక్క రాత్రిలో వచ్చినది కాదు. పవర్ వాల్వుకు రెండు మూడు వేల గంటలు, చిన్న వాల్వుకు అయిదు మొదలు పది వేల గంటలు అని సామాన్యంగా ఆయుర్దాయం లెక్క వేస్తారు. రోజుకు నాలుగు గంటల వంతున వాడే ఇంట్లో సంవత్సరానికి 1460 గంటలవుతాయి. అనగా రెండేండ్లలో దినదినమూ వెంట్రుకవాసి చొప్పున స్వరం దిగజారుతున్నది. చెవి కూడ దానితోపాటు దినదినమూ రాజీ పడుతున్నది. అద్దంలో రోజూ ముఖం చూచుకునేవానికి తల నెరవడం తెలియనట్లే ఇదీను. అలవాటు పడిన చెవి సాక్ష్యానికి పనికిరాదు.

ఇక వార్ధక్యం స్వరానికి ఏమి చేస్తుందో సంగీత పరిభాషలోనే చెప్పవచ్చును. ఏ వాల్వు అయినా తనకు ఇచ్చిన స్వరాన్ని ఇచ్చినట్లు తిరిగి ఇవ్వదు. తనది కొంత చేర్చుతుంది. షడ్జం ఇస్తే దాని రెట్టింపు పౌనఃపున్యం గల తార షడ్జాన్ని కొంత చేర్చుతుంది. మూడు రెట్లు చేర్చితే అది పై స్థాయి పంచమం. అయిదు రెట్లు చేర్చితే అంతకు పై స్థాయిలోని అంతర గాంధారానికి చేరువ. ఏడవది ఏ స్వరస్థానంలోనూ చక్కగా ఇమడదు. తంబూరా మీటినప్పుడు షడ్జంతోపాటు పంచమమూ గాంధారమూ తమంతట తామే వినిపించడం సంగీతజ్ఞులకు తెలిసినదే. కాబట్టి వాల్వు మితంగా చేర్చే తార షడ్జం చెవికి పరాయిగా తోచదు; నిండుతనంగా తోస్తుంది. "వాల్వు తీపి" అని రసికులు చెప్పుకునేదానిలో అధికభాగం ఇదే. ఇది భ్రమ కాదు. కొలిచి చూపదగిన సత్యం.

అయితే ఆ తీపికి ఒక హద్దు ఉన్నది. పవర్ వాల్వులో ఎలక్ట్రానుల రాబడి తగ్గినప్పుడు, పాట పతాకస్థాయికి చేరిన క్షణంలో కావలసినంత కరెంటు దొరకదు. అలల తలలు నరికినట్లు చదునవుతాయి. అప్పుడు పుట్టేవి తార షడ్జాలు కావు. మూడు, అయిదు, ఏడు రెట్ల బేసి స్వరాలు. గొంతు చీలినట్లు వినిపించేది అందువలననే. ఒక్క స్వరం పలికినప్పుడు ఇంత. రెండు స్వరాలు ఒక్కసారి పలికినప్పుడు వాటి పౌనఃపున్యాల కూడికలూ తీసివేతలూ కూడ కొత్త ధ్వనులుగా పుట్టుకొస్తాయి. అవి ఏ రాగానికీ చెందినవి కావు. ఒంటరి వేణువు అరిగిన వాల్వులో కూడ కొంత సొంపుగానే వినిపించి, నాదస్వరమూ డోలూ కలిసిన కచేరీ గందరగోళంగా వినిపించడానికి ఇదే కారణం. ఘంటసాల మంద్రస్థాయి గంభీరత వెనుక వాద్యబృందం లేచినప్పుడు మాట ముద్దగా వినిపిస్తే, ఆ ముద్ద ఆయన నోటిలోది కాదు.

పెద్ద ఆంప్లిఫైయర్లలో పవర్ వాల్వులను రెండేసి చొప్పున ఎదురెదురుగా పనిచేయిస్తారు. దీనిని కావడితో పోల్చవచ్చును. రెండు కుండలూ సమానంగా ఉన్నంతకాలం కావడి నిలకడగా నడుస్తుంది. రెండు వాల్వులూ సమానంగా ఉన్నంతకాలం సరిసంఖ్య గల అదనపు స్వరాలు ఒకదానికొకటి రద్దయిపోతాయి. కరెంటు సరఫరా వలన వచ్చే హోరు కూడ అట్లే అణగిపోతుంది. కాని ఒకే గంట పుట్టిన కవలలు కూడ ఒకే వేగంతో ముసలివారు కారు. ఒక వాల్వు ముందు అరిగితే కావడి ఒరుగుతుంది. రద్దయిన తార షడ్జం తిరిగి వస్తుంది. హోరూ తిరిగి వస్తుంది. పాతబడిన కొలదీ నాదం పండిందని పెద్దలు చెప్పే మాటలోని రహస్యం కొంత ఇక్కడ ఉన్నది. వారు విన్న అదనపు నిండుతనం నిజంగానే ఉన్నది. అయితే అది పాటలోది కాదు, ఒరిగిన కావడిలోది. దానిని ఇష్టపడే స్వేచ్ఛ వారికి ఉన్నది. దానిని గాయకుని ఖాతాలో జమకట్టే స్వేచ్ఛ మాత్రం ఎవరికీ లేదు.

వార్ధక్య లక్షణాలు ఇంకా కలవు. మొదటి వాల్వు అరిగితే ధ్వని వెనుక ఇసుక జారినట్లు సన్నని బుస వినిపిస్తుంది. లోపలి అంగాల పట్టు సడలితే వేలితో తట్టినప్పుడు వాల్వు గంటలాగా మ్రోగుతుంది. హీటరుకూ కాథోడుకూ నడుమ ఉన్న అడ్డు బలహీనపడితే గుయ్యిమనే హోరు పుడుతుంది. ఆవిరైన బేరియం గ్రిడ్డు మీద పేరుకొంటే తూము తలుపే నీరు కార్చినట్లు గ్రిడ్డు తన అదుపు కోల్పోతుంది. కరెంటు పెరిగి, ప్లేటు ఎర్రబడి, వాల్వు తనను తానే దహించుకుంటుంది. ఈ లక్షణాలు వేరువేరు రోగాలకు చెందినవి. అన్నిటికీ ఒకటే మందు లేదు.

ఇక్కడ రెండవ అపోహను కూడ ఖండించవలసి ఉన్నది. స్వరం చెడితే వాల్వులన్నిటినీ పీకి కొత్తవి పెట్టించడమే మార్గమని కొందరి అభిప్రాయం. సముద్రతీరవాసులు ఈ సలహాను విని మోసపోరాదు. వాల్వు గాజులో బంధింపబడి ఉన్నది. ఉప్పుగాలి దాని లోపలికి పోలేదు. మైపాడులో ఉన్నా, మదనపల్లెలో ఉన్నా వాల్వు లోపలి వార్ధక్యం ఒకటే. ఉప్పుగాలి తినేది వాల్వు కాళ్ళను, అవి కూర్చునే సాకెట్టును, ట్రాన్సుఫార్మరులోని వెంట్రుకవంటి రాగితీగను. కాళ్ళ మీద పట్టిన చిలుమును తుడిచి, సాకెట్టు బిగించినంత మాత్రాన "చచ్చిపోయిన" వాల్వు లేచి కూర్చున్న సందర్భాలు రేడియో బాగుచేసేవారికి కొత్త కాదు. పాత కాగితపు కండెన్సరు తేమ పీల్చి కారడం ఇంకా అపాయకరం. అది కారితే ప్లేటు వోల్టేజి పవర్ వాల్వు గ్రిడ్డు మీదికి చేరి, కొత్త వాల్వును కూడ కొద్దికాలంలోనే ముసలిదాన్ని చేస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు, కండెన్సరు చేసిన తప్పుకు వాల్వును మార్చుతూ పోతే డబ్బు పోతుంది, రోగం పోదు.

విద్యుత్తు హెచ్చుతగ్గులు మరొక కారణం. హీటరుకు 6.3 వోల్టులు కావాలి. 230 వోల్టులకు అమర్చిన పెట్టెకు 260 వోల్టులు వస్తే హీటరుకు 7.1 వోల్టులు చేరుతాయి. బేరియం త్వరగా ఆవిరవుతుంది. 180 వోల్టులే వస్తే హీటరుకు అయిదు వోల్టులు కూడ అందవు. చల్లబడిన కాథోడు నుండి పాట డిమాండు చేసినంత కరెంటు రాదు, పూతకు వాయువిషం సోకడమూ సులభమవుతుంది. ఎక్కువ తిండీ చేటే, తక్కువ తిండీ చేటే. వాడిన గంటలు మాత్రమే కాక, వాడిన తీరు కూడ ఆయుర్దాయాన్ని నిర్ణయిస్తుందని దీనివలన విశదమవుతున్నది.

తీరు సరిగా ఉంటే వాల్వు ఎంతకాలం బ్రదుకుతుందో చూపే ఉదాహరణ సముద్రగర్భంలోనే ఉన్నది. 1956లో అట్లాంటిక్ మహాసముద్రం అడుగున మొట్టమొదటి టెలిఫోను కేబులు వేసినప్పుడు, మాట బలం తగ్గకుండా దారి పొడవునా వాల్వు ఆంప్లిఫైయర్లను అమర్చి నీటిలోకి దింపారు. పైకి తీసి మార్చడం మాటలతో అయ్యే పని కాదు. అందుచేత అతి శుద్ధమైన లోహాలతో వాల్వులు చేసి, వాటిని తక్కువ భారంతో, స్థిరమైన వోల్టేజితో, ఆర్పకుండా నడిపారు. ఆ కేబులు 1978 వరకు, 22 ఏండ్లు పనిచేసింది. 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండి నేడు తిరుపతి జిల్లాలో చేరిన శ్రీహరికోట నుండి రాకెట్టు లేచినప్పుడు తీరమంతా తలెత్తి చూస్తుంది. అట్టి రాకెట్లు మోసుకుపోయే సమాచార ఉపగ్రహాలు ప్రపంచంలో అనేకం నేటికీ ఒక జాతి నిర్వాత నాళికలతోనే సంకేతాలను పెంచుతున్నవి. పదిహేనేండ్లు ఎవరి చేయీ తగలకుండా పనిచేసేటట్లు వాటిని రూపొందిస్తారు. కాబట్టి వాల్వు కాలం చెల్లిన వస్తువనడమూ పొరపాటే, దాని వార్ధక్యం విధివ్రాత అనడమూ పొరపాటే. లెక్క పెట్టుకున్నవానికి అది దీర్ఘాయువు. లెక్క మరచినవానికి అల్పాయువు.

భారతదేశంలో మొదట వాల్వులన్నీ విదేశీ సరుకే. 1954లో బెంగుళూరులో స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థ 1961లో హాలండు ఫిలిప్సు సంస్థ సహకారంతో రేడియో వాల్వుల తయారీ ప్రారంభించింది. అంతకు ముందే, 1947 డిసెంబరులో, అమెరికాలో ట్రాన్సిస్టరు పుట్టింది. క్రమంగా ట్రాన్సిస్టరు ఇంటింటికీ వచ్చి వాల్వును అటక ఎక్కించింది. దీనివలన ఒక విచిత్రం జరిగింది. వాల్వు రేడియోను జనం కడసారి విన్నది దాని యౌవనంలో కాదు, వార్ధక్యంలో. మార్చడానికి వాల్వు దొరకని రోజులలో, దొరికినా కొనడానికి మనసొప్పని రోజులలో, అరిగిన వాల్వులతో ఆ పెట్టెలు కడపటి పాటలు పాడినవి. పెద్దల జ్ఞాపకంలో నిలిచిన "ఆనాటి స్వరం" చాలావరకు ఆ కడపటి స్వరమే కావచ్చును. గాయకుని యౌవనాన్ని యంత్రపు వార్ధక్యంలో విన్న తరం అది.

సాహిత్య విద్యార్థులకు ఈ సమస్య కొత్తది కాదు. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి ఆస్థానంలో, నెల్లూరులో, తిక్కన రచించిన పదిహేను భారత పర్వాలు ఆయన చేతి ఆకులలో లోకానికి అందలేదు. ఒక వ్రాయసకాని నుండి మరొక వ్రాయసకానికి, ఒక తాటాకు నుండి మరొక తాటాకుకు ఎక్కుతూ వచ్చినవి. వ్రాయసకాడు అలసిపోయినప్పుడు అక్షరం జారింది. కన్ను మసకబారినప్పుడు పాదం తప్పింది. కొన్నిచోట్ల తనకు తోచిన సొగసును తానే చేర్చాడు. ఆ దోషాలను తిక్కనకు అంటగట్టిన పండితుడు లేడు. ఆ సొగసులను తిక్కన ప్రతిభగా కొనియాడినవాడు ఉంటే అతడు పండితుడు కాడు. 19వ శతాబ్దంలో బ్రౌను దొర కడపలో పండితులను కూర్చి, ఒక్కొక్క గ్రంథానికి అనేక ప్రతులు తెప్పించి, వాటిని సరిపోల్చి శుద్ధప్రతులు వ్రాయించాడు. అరిగిన వాల్వు ఒక అలసిన వ్రాయసకాడు. చదునైన అలలు దాని అక్షర లోపాలు. అదనపు తార షడ్జం అది చేర్చిన ప్రక్షిప్తం. ప్రతిని పరిష్కరించకుండా కవిని విమర్శించరాదన్న నియమం గ్రంథానికి ఎంత అవసరమో, గానానికీ అంతే అవసరం.

ఉపాధ్యాయులు ఈ విషయంలో చేయదగిన పని ఉన్నది. తీరగ్రామాల పాఠశాలలలో మూలపడిన వాల్వు రేడియోనో, ఆంప్లిఫైయరునో పాత ఇనుము క్రింద తూకానికి వేయక ముందు దానిని ఒక్కసారి పాఠంగా ఉపయోగించవచ్చును. తెలుగు ఉపాధ్యాయుని చేతిలో ఉక్తలేఖనం అనే సాధనం ఉన్నది. కరము-ఖరము, దార-ధార, శరము-సరము వంటి జంటలు కలిపి ఇరవై మాటలను రికార్డు చేసి, ఆ యంత్రం ద్వారా వినిపించి, పిల్లలచేత వ్రాయించాలి. మహాప్రాణంలోని ఊపిరి చాలా సన్నని ధ్వని. వాల్వు బుస దానిని సులభంగా మింగివేస్తుంది. శ, స భేదం కూడ అంతే. తప్పులు లెక్కపెట్టి, పరీక్షించిన మంచి వాల్వు పెట్టించి, మాటల వరుస మార్చి మళ్ళీ వ్రాయించాలి. ఏది పాతదో, ఏది కొత్తదో పిల్లలకు ముందుగా చెప్పరాదు. చెబితే చెవి వినడం మాని ఊహించడం ప్రారంభిస్తుంది. రెండు లెక్కల తేడాయే వాల్వు వయస్సు. ఇందులో విజ్ఞానశాస్త్రమూ ఉన్నది, వర్ణోచ్చారణా ఉన్నది. అన్నిటికంటె ముఖ్యంగా, తీర్పు చెప్పడానికి ముందు సాక్షిని పరీక్షించాలనే బుద్ధి ఉన్నది.

ఒక హెచ్చరిక అవసరం. వాల్వు పెట్టెలో 250 వోల్టులకు పైబడిన విద్యుత్తు ఉంటుంది. స్విచ్చి ఆర్పిన తరువాత కూడ కండెన్సర్లలో అది కొంతసేపు నిలిచి ఉంటుంది. పెట్టె వెనుక భాగం తెరవడం, వాల్వు మార్చడం తెలిసిన మెకానిక్కు మాత్రమే చేయవలసిన పని. చాలాకాలం అటక మీద ఉన్న పెట్టెను అతడు పరీక్షించక ముందు కరెంటుకు తగిలించనే తగిలించరాదు. పిల్లల పని వినడం, వ్రాయడం, తర్కించడం.

పాత వాల్వు రేడియోను దాచుకునేవారి మమకారాన్ని ఎవరూ తప్పుపట్టరు. తాత విన్న పెట్టెలో తాత విన్న పాట వినాలనే కోరిక ఉదాత్తమైనది. కాని ఆ కోరిక నిజంగా తీరాలంటే పెట్టెను తాత కొన్ననాటి ఆరోగ్యానికి తేవాలి. ఎన్ని గంటలు వాడినదీ ఒక కాగితం మీద వ్రాసి పెట్టె వెనుక అంటించాలి. వాల్వును ధర చూచి కాక, పరీక్షాయంత్రం మీద కొలత చూచి కొనాలి. అప్పుడు మనుమడు వినేది తాత వార్ధక్యంలో విన్న మసక పాట కాదు, యౌవనంలో విన్న నిండు పాట.

గొంతుకు వార్ధక్యం తెచ్చే హక్కు కాలానికి ఒక్కదానికే ఉన్నది. రికార్డులోకి ఎక్కిన గొంతుమీద కాలానికి కూడ ఆ హక్కు పోయింది. కాలానికే లేని హక్కును అరిగిన ఒక గాజుబుడ్డికి కట్టబెట్టడం ధర్మం కాదు.